జవాబు కోసం నడిచిన బస్సు

2020 మార్చి నాటికి సూరత్ నగర బస్సుల్లో నవాగామ్ రూటు మీద రోజుకు పద్నాలుగు ట్రిప్పులు ఉండేవి. ఏడు పోవడానికి, ఏడు రావడానికి. లాక్‌డౌన్‌తో ఆ పద్నాలుగూ పోయాయి. ఆ రూటుకు కేటాయించిన రెండు బస్సులను వేరే డిపో తీసుకుపోయింది. నలుగురు డ్రైవర్లలో ఇద్దరు సొంత ఊళ్లకు వెళ్లి తిరిగి రాలేదు, ఒకాయన కరోనా రెండో ఉధృతిలో చనిపోయాడు. దారిలో ఉన్న పదకొండు స్టాపుల్లో మూడింటి స్తంభాలు రోడ్డు తవ్వకాల్లో పోయాయి. ఇదంతా మా ఆఫీసు లెక్కల్లో ఉన్న నష్టం. లెక్కల్లో లేనిది కూడా ఒకటుంది. నవాగామ్‌లో లచ్చవ్వ అనే ఆమెకు వారానికి మూడుసార్లు జరగాల్సిన డయాలసిస్ రెండుసార్లకు పడిపోయింది.

అప్పుడు నేను ఆ బస్సులు నడిపే సంస్థలో షెడ్యూలు సహాయకుడిని. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ఏ బస్సు ఎన్నింటికి ఎక్కడ బయలుదేరాలి, ఏ డ్రైవరు ఏ బండి ఎక్కి ఎక్కడ దిగాలి అన్నది కాగితం మీద పెట్టడం నా పని. నా పైన షెడ్యూలు మేనేజరు హర్షద్‌భాయ్, ఆయన పైన నేను ముఖం కూడా చూడని అధికారులు. నా కింద ఎవరూ లేరు. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చాడు. నేను పదో తరగతి తప్పి కండక్టరుగా చేరాను. టైంటేబుల్ వేయడం బస్సు వెనక సీట్లో కూర్చుని సొంతంగా నేర్చుకున్నదే. ఆ పనిలో మొదట అలవడేది అనుమానం. కాగితం మీద నలభై నిమిషాలని రాసి ఉంటే, ఎవరు కొలిచారు, ఏ పూట కొలిచారు అని అడగకుండా నమ్మకూడదు.

2021 చివరికి మిగతా రూట్లు చాలావరకు తిరిగి వచ్చాయి. నవాగామ్ రాలేదు. మూసేశారా అంటే మూయలేదు. మా భాషలో దాన్ని ‘తాత్కాలిక నిలుపుదల’ అంటారు. మూయాలంటే కారణం రాసి సంతకం పెట్టాలి, నిలుపుదలకు అది అక్కర్లేదు.

2022 ఫిబ్రవరి చివర ఒక సోమవారం పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. నవాగామ్ నుంచి పెద్ద సర్కారు దవాఖాన మీదుగా స్టేషనుకు రోజుకు ఒక ట్రిప్పు వెంటనే మొదలుపెట్టాలి, మార్చి నెలాఖరు వరకు నడపాలి. రెండేళ్లుగా ఎవరికీ గుర్తురాని రూటు ఒక్కసారిగా ‘వెంటనే’ ఎందుకయింది? పోయే ట్రిప్పే తప్ప వచ్చే ట్రిప్పు ఎందుకు లేదు? నెలాఖరుకు ఎందుకు ఆగాలి? హర్షద్‌భాయ్‌ని అడిగితే, బస్సు వేయమంటే వేయి, జాతకం చూడకు అన్నాడు. మధ్యాహ్నం ఒక బండి డిపోలో ఊరికే నిలబడి ఉండేది కాబట్టి ఒంటిగంటకు వేయమన్నాడు. వేశాను.

గురువారం ప్రశ్న వచ్చింది.

శాసనసభలో మంత్రి నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నకు నక్షత్ర గుర్తు పెడతారు. అది గాంధీనగర్‌లో సభ కార్యాలయం నుంచి శాఖకు, శాఖ నుంచి మెట్టు మెట్టుగా దిగి మాలాంటి వాళ్ల బల్ల మీదికి వస్తుంది. జవాబు మొదట రాసేది కింది గుమాస్తా. పైకి ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టులో కొంత కొట్టేస్తారు. ఈ ప్రశ్న అడిగింది ప్రతిపక్ష సభ్యుడు. అందులో మూడు భాగాలున్నాయి. నవాగామ్ బస్సు నిలిచిపోయిన మాట నిజమేనా? లాక్‌డౌన్‌కు ముందు ఉన్న పద్నాలుగు ట్రిప్పులకు గాను ఇప్పుడు ఎన్ని నడుస్తున్నాయి? పూర్తిగా ఎప్పుడు పునరుద్ధరిస్తారు?

సభ సమావేశాలు మార్చి నెలాఖరు వరకు. శాఖకు ప్రశ్న మాకంటే ముందే అందింది. నిలిచిపోయిన మాట నిజమేనా అంటే కాదు అని చెప్పడానికి ఒక బస్సు కావాలి, అందుకే సోమవారం ఉత్తర్వు. నా సందేహం అక్కడితో తీరింది. హర్షద్‌భాయ్‌ది అప్పుడే మొదలయింది.

ఆయన తలుపు వేసి కూర్చోబెట్టాడు. హిందీలో మాట్లాడాడు. “మల్లేశ్‌భాయ్, ఈ పద్నాలుగు అనే అంకె ఆయనకు ఎవరిచ్చారు?”

స్టాపులో అతికించిన సమయాల పట్టీలోనే ఉంది సార్ అన్నాను. అది నేనే టైపు చేసింది.

“నవాగామ్‌లో మీ తెలుగువాళ్లు ఎంతమంది?”

“చాలామంది ఉన్నారు సార్. ఒడిశావాళ్లు, మరాఠీవాళ్లు కూడా ఉన్నారు.”

“అడిగిందానికి చెప్పు. పట్టీ చూపించు, నమ్ముతా.”

ఆయన స్కూటరు మీదే వెళ్లాం. స్తంభానికి పట్టీ లేదు. జిగురుకు అంటుకుని నాలుగు మూలలు మాత్రం మిగిలాయి. ఆయన వాటినీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. మాస్కు ఉన్నా ఆయన ఏమనుకుంటున్నాడో తెలిసిపోయింది.

అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. కాళ్లు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. నన్ను గుర్తుపట్టి పిలిచింది. ఆమే లచ్చవ్వ. నాకంటే పదేళ్లు పెద్దది. ఆమె భర్త ఉన్ అనే పేట దగ్గర మగ్గాల కార్ఖానాలో రాత్రి పాళీ చేసేవాడు. ఇద్దరినీ నేను కండక్టరుగా ఉన్నప్పటి నుంచి ఎరుగుదును.

“ఏంది తమ్మీ, గీ ఒంటిగంట బస్సు ఎవలి కోసం ఏసిన్రు? మిషిన్ మీద పండవెట్టేది పొద్దుగాల ఏడు గంటలకు. నేను ఒంటిగంటకు పోయి ఏం జెయ్యాలె, దవాఖాన గోడలు జూసి రావాల్నా?”

వారానికి ఎన్నిసార్లు పోతున్నావని అడిగాను.

“మూడుసార్లు రావాలె అంటడు డాక్టర్. ఆటోకు పైసలు రెండుసార్లకే అయితున్నయి. మొన్న డాక్టర్ కాళ్లు ఒత్తి జూసి, అమ్మా గిట్లయితే ఎన్ని రోజులు అన్నడు. ఏమో సాబ్, బస్సోళ్లను అడగమన్న.”

స్తంభం మీది కాగితం ఏమయిందో తెలుసా అన్నాను.

ఆమె హర్షద్‌భాయ్ వైపు చూసి, ఆయనకు తెలుగు రాదని నిర్ధారించుకుని చెప్పింది. “నేనే చింపిన. మగ్గాలోళ్ల మీటింగుకు ఎవలో ఎమ్మెల్యే వచ్చిండు. మా ఎమ్మెల్యే గూడ కాదు. అందరు నోటితోని చెప్తున్రు, ఆయన తలకాయ ఊపుతుండు. నేను పోయి కాయిదం చేతుల వెట్టిన. ఇగో, మాకు ఇన్ని బస్సులుండె, లెక్కవెట్టుకో అన్న.”

ఆమె ఏమంటోందని హర్షద్‌భాయ్ అడిగాడు. దవాఖానకు వెళ్లాల్సినామె, మనం వేసిన సమయం పనికిరాదంటోంది అన్నాను. అందులో అబద్ధం లేదు. కాగితం సంగతి చెబితే ఆమె పేరు ఒక విచారణ ఫైలులో పడుతుంది. చెప్పలేదు. ఇంత సేపు మాట్లాడింది ఇంతేనా అన్నాడు ఆయన. మా తెలుగు కొంచెం పొడుగు సార్ అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆఫీసుకు వచ్చాక ఉత్తర్వు మళ్లీ చదివాను. రోజుకు ఒక ట్రిప్పు అని ఉందే తప్ప సమయం లేదు. ఒంటిగంట మేం పెట్టుకున్నది. మా డిపో డిండోలి అవతల ఉండేది. రోజూ తెల్లవారుజామున ఒక బస్సు డిపో నుంచి ఖాళీగా స్టేషనుకు వెళ్లి, అక్కడి నుంచి తన మొదటి ట్రిప్పు మొదలుపెట్టేది. ఇలా జనం లేకుండా తిరిగే దూరాన్ని డెడ్ కిలోమీటర్లు అంటారు. డీజిలు కాలుతుంది, టికెట్టు రాదు. ప్రతి నెలా పైవాళ్లు మొదట చూసే అంకె అదే. ఆ ఖాళీ బస్సును పావుగంట ముందు తీసి, కొంచెం చుట్టు తిప్పి నవాగామ్ మీదుగా పంపితే ఆరున్నర లోపు దవాఖాన ముందు ఉంటుంది. కొత్త బండి అక్కర్లేదు, కొత్త డ్రైవరు అక్కర్లేదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఒంటిగంట ట్రిప్పు చార్టులో ‘స్పెషల్’ కింద విడి వరుసగా ఉండేది. ఒక్క గీత కొడితే పోతుంది. ఖాళీ పరుగులో కలిపిన ట్రిప్పు అలా కాదు, అది ఆ డ్రైవరు డ్యూటీలో భాగమవుతుంది. తీయాలంటే ఆ బండి డ్యూటీలన్నీ తిరగరాయాలి. పైగా డెడ్ కిలోమీటర్లు పెరుగుతున్నాయని ఒప్పుకుంటూ ఎవరో సంతకం పెట్టాలి. అలాంటి సంతకం పెట్టినవాడిని నా ఉద్యోగంలో నేను చూడలేదు.

నేను అలా వేసిన కొత్త చార్టును హర్షద్‌భాయ్ రెండుసార్లు చదివాడు. తప్పు దొరకలేదు. తప్పు లేకపోవడమే ఆయనకు నచ్చలేదు.

“ఇందులో నీకేంటి?”

“నాకేం లేదు సార్. అదనపు ఖర్చు లేకుండా నడుపుతున్నాం అని జవాబులో రాసుకోవచ్చు.”

ఆ వాక్యం పైవాళ్లకు నచ్చుతుందని ఆయనకు తెలుసు. సంతకం పెట్టాడు. పెడుతూ, ఆ ఎమ్మెల్యే మనిషి నీకు ఫోన్ చేస్తే నాకు చెప్పాలి అన్నాడు. నాకెందుకు చేస్తాడు సార్ అన్నాను. అదే నేనూ అడుగుతున్నా అన్నాడు.

జవాబుతో పాటు అనుబంధ ప్రశ్నల నోట్ కూడా పంపాలి. మంత్రి చదివాక సభ్యులు అక్కడికక్కడే ఇంకేం అడగవచ్చో ముందే ఊహించి రాసే కాగితం అది. నేను మొదటి ప్రశ్నగా ఇది రాశాను: ఒక ట్రిప్పు పోవడానికి ఉంది, పోయినవాళ్లు తిరిగి ఎలా రావాలి? హర్షద్‌భాయ్ పేజీ మొత్తం కొట్టేశాడు. గుర్తుచేయకపోతే ఎవరూ అడగరు అన్నది ఆయన వాదన. ‘పరిశీలిస్తాం’, ‘చర్యలు తీసుకుంటాం’ లాంటి మాటలు ఎక్కడా లేకుండా చూడమని కూడా చెప్పాడు. అలాంటి మాట మంత్రి సభలో అంటే అది హామీ కింద లెక్క. దాన్ని సభలోని హామీల కమిటీ రాసుకుంటుంది, తీరే దాకా అడుగుతూనే ఉంటుంది.

సభలో ఆ ప్రశ్న వంతు వచ్చిన రోజు హర్షద్‌భాయ్ ఫోన్‌లో చూస్తున్నాడు, నేను ఆయన వెనక నిలబడ్డాను. నిలిచిపోయిన మాట నిజమేనా అన్నదానికి మంత్రి, కాదండీ అని చదివాడు. ఎన్ని ట్రిప్పులు అన్నదానికి, రద్దీని బట్టి నడుపుతున్నాం అని చదివాడు. మేం పంపిన ‘ఒకటి’ దారిలో ఎక్కడో రాలిపోయింది. మూడోదానికి, ఆ ప్రశ్న తలెత్తదు. అప్పుడు సభ్యుడు లేచి, పొద్దున ఒక బస్సు పోతోంది, బాగుంది, పోయిన రోగి ఇంటికి ఎలా రావాలో మంత్రిగారు చెప్పాలి అన్నాడు. మంత్రి నోట్ తిప్పాడు. అందులో ఆ పేజీ లేదు. రెండు వైపులా గోల మొదలయింది. తిరుగు ట్రిప్పులే కాదు, పాత ట్రిప్పులన్నీ తిరిగి తెస్తాం అని మంత్రి చెప్పి కూర్చున్నాడు.

హర్షద్‌భాయ్ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

“అది నువ్వు రాసిన ప్రశ్నే.”

“బస్సు ఎక్కిన ఎవరైనా అదే అడుగుతారు సార్.”

ఆయన నమ్మలేదు. ఆ తర్వాత ఏ కాగితమైనా నా బల్ల మీదికి వచ్చే ముందు దాని నకలు తీయించి బీరువాలో పెట్టుకునేవాడు. నేనూ ఆయన సంతకం లేకుండా ఒక్క నిమిషం కూడా మార్చలేదు. మిగిలిన ఏడాదిన్నరకు పైగా అలాగే పనిచేశాం.

మార్చి ముగిసింది. ఉత్తర్వు గడువు తీరింది. ఏప్రిల్ ఒకటో తారీకు పొద్దున నేను నవాగామ్ స్టాపులో నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు లచ్చవ్వ అంది, “ఏంది, నా కోసమే వచ్చినవా, లేకుంటే బస్సు మీద నమ్మకం లేకనా?” రెండోదే అన్నాను. వారంలో మూడో డయాలసిస్ ఆమెకు అప్పటికే మళ్లీ మొదలయింది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఉధ్నా దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి దొరికింది ఎక్కడం, దొరకకపోతే నడక. డయాలసిస్ అయిన ఒంటితో ఆమె ఇప్పటికీ అలాగే వస్తుంది.

హామీల కమిటీ నుంచి కాగితం వస్తూనే ఉండేది. ప్రతిసారీ జవాబు నేనే రాశాను: బస్సుల కొరత ఉంది, విషయం పరిశీలనలో ఉంది, గడువు పొడిగించగలరు. ప్రతిసారీ పొడిగించారు. 2023 చివర సంస్థ కాంట్రాక్టు మారినప్పుడు యాభై రెండో ఏట నేను ఉద్యోగం మానుకున్నాను. ఇప్పుడు ఆ జవాబు ఇంకెవరో రాస్తున్నారు.

నేను నేర్చుకున్నది ఇది. సభలో ప్రశ్న పడితే పైవాళ్లు జవాబు గురించి తొందరపడతారు, పని గురించి కాదు. ఆ తొందర ఉన్న కొద్ది రోజుల్లో కింది గుమాస్తా చేతికి ఒక సంతకం దొరుకుతుంది. ఆ సంతకంతో వేసేది తర్వాత తీయడం కష్టమయ్యేలా వేయాలి. సభలో ఇచ్చిన మాట మీద మాత్రం టైంటేబుల్ వేయకూడదు. మాటకు గడువు పొడిగించవచ్చు, బస్సుకు పొడిగించలేం. నవాగామ్ రూటుకు సభలో ఒప్పుకున్నవి పద్నాలుగు ట్రిప్పులు. నడుస్తున్నది పొద్దున పోయేది ఒక్కటి. ఈ రోజుకు బాకీ పదమూడు.