ట్రే అడుగున కోర్టు కాగితం

చెప్పాలి. ఇన్నేళ్లుగా గుండెల మీద బండలా మోస్తున్నాను, ఇక నా వల్ల కాదు. ఆదివారం ఆదివారం మా తెలుగు చర్చిలో తలవంచి ప్రార్థన చేస్తాను కదా, దేవుడి దగ్గర కూడా ఈ ఒక్కటీ దాటేసి మిగతావన్నీ ఒప్పుకుంటాను. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు రాసి చెబుతున్నాను.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, చలికాలం. కాలిఫోర్నియాలో ఓ చిన్న ఊరి పోలీస్ స్టేషన్‌లో నేను క్లర్కుని. దూరం నుంచి తీగ మీద వచ్చే కబుర్లని దానంతటదే టైపు చేసే టెలిటైప్ మిషన్‌లో వచ్చిన ప్రతి కాగితం మీదా వచ్చిన టైము చేత్తో రాసి, పొట్టి సంతకం పెట్టి సార్జెంట్‌కి అందించాలి. అదీ నా పని.

అప్పుడు ఇరాన్‌లో అమెరికా వాళ్లని బందీలుగా పట్టుకున్నారు. ఇక్కడ చదువుకునే ఇరాన్ విద్యార్థులంతా ఇమిగ్రేషన్ ఆఫీసులో హాజరు కావాలని, కానివాళ్లని పట్టుకోవాలని ప్రెసిడెంట్ ఆర్డరు. అది చెల్లదని కోర్టులో కేసు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుండేది మా సార్జెంట్ పరిస్థితి.

ఊళ్లో జనానికి ఇరాన్ వాడెవడో ఇండియా వాడెవడో ఏం తెలుసు? గ్యాస్ స్టేషన్‌లో కారుకి పెట్రోలు పోయించుకుంటుంటే మా ఆయన్ని ముగ్గురు చుట్టుముట్టి ఇనప రాడ్డుతో దవడ విరగ్గొట్టారు. ఇండియన్నని అరుస్తుంటే ఆ నోటి మీదే కొట్టారు. డాక్టర్లు పళ్లు తీగలతో కట్టేశారు. స్ట్రాతో సూప్ తాగేవాడు. మర్నాటి నుంచి నేను, పుట్టు క్రైస్తవురాలిని, ఎన్నడూ బొట్టు ఎరగనిదాన్ని, రూపాయంత బొట్టు పెట్టుకుని డ్యూటీకి వెళ్లాను. ఇండియన్నని తెలియాలి కదా. సిగ్గేసింది. కడుపు మండిపోయింది. ఎవరి మీద? కొట్టినవాళ్ల మీద కాదు, చూడు! ఇరాన్ వాళ్ల మీద. వీళ్ల వల్లే కదా మాకీ గతి అని. అత్త మీద కోపం దుత్త మీద.

ఆ వారమే హాజరు కాలేదని ఓ ఇరాన్ కుర్రాణ్ణి, కాలేజీలో చదువుకునేవాణ్ణి, లాండ్రీలో బట్టలు ఉతుక్కుంటుంటే పట్టుకొచ్చారు. ఉన్నది ఒక్కటే సెల్. అందులో బార్‌లో కొట్టుకుని వచ్చిన తాగుబోతులిద్దరు. వాళ్లతోనే వేశారు. మధ్యాహ్నం రెండింటికి టెలిటైప్ టకటకలాడింది. ఆర్డరు చెల్లదని కోర్టు తీర్పు. దాని కింద పట్టుకున్నవాళ్లని వెంటనే వదిలెయ్యమని.

చదివాను. టైము రాయలేదు. ట్రేలో అన్నిటికన్నా అడుగున దూర్చాను. ఓ గంట ఉండనీ, మా ఆయన పడ్డదాంట్లో వీసమెత్తు పడనీ అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? ఆ తాగుబోతులు అతన్ని చూసి పళ్లు నూరడం నేను చూడలేదా? చూశాను.

కాఫీ ఇవ్వడానికి వెళ్తే ఆ కుర్రాడు సెల్ కమ్మీలు పట్టుకుని నా బొట్టు వైపు చూశాడు.

“సిస్టర్, మీరు ఇండియన్ కదా? కోర్టు నుంచి ఏమన్నా వచ్చిందా? ప్లీజ్, చెక్ చేసి చెప్పండి. వీళ్లు నన్ను చంపేస్తామంటున్నారు.”

“ఏం రాలేదు. వస్తే చెప్తాలే, భయపడకు” అన్నాను. మెత్తగానే అన్నాను.

ముప్పావుగంటకి గోడ అవతల ధన్‌మని చప్పుడు. ఆపైన కేకలు. వాళ్ల భాషలో అమ్మని పిలిచాడనుకుంటాను. సార్జెంట్ తాళం తీసేసరికి ఒకడు అతని జుట్టు పట్టుకుని ముఖాన్ని బెంచీ అంచుకేసి బాదుతున్నాడు, ఇంకొకడు బూటుకాలితో డొక్కలో కుమ్ముతున్నాడు. నేలంతా రక్తం. కుడి కన్ను చితికిపోయింది.

నేనేం చేశానో తెలుసా? ఏడుస్తూనే ట్రే దగ్గరికి పరిగెత్తి, ఆ కాగితం లాగి, మూడూ పది అని రాసి సంతకం పెట్టాను. ఇప్పుడే వచ్చిందని సార్జెంట్ చేతికిచ్చాను.

విచారణ జరిగింది. ప్రెసిడెంట్ ఒకటంటాడు, కోర్టు ఇంకోటంటుంది, మధ్యలో మేమేం చేస్తామన్నాడు సార్జెంట్. నిజమేనన్నారు అందరూ. ఆ గొడవ చాటున నేను హాయిగా దాక్కున్నాను. పైగా ఆ విద్యార్థి కంటికి కట్టుతో వచ్చి, ఆ స్టేషన్‌లో తనతో మనిషిలా మాట్లాడింది ఈవిడొక్కతేనని నన్ను చూపించాడు. వెళ్లేముందు నా రెండు చేతులూ పట్టుకుని థాంక్యూ సిస్టర్ అన్నాడు. నేను పట్టుకోనిచ్చాను.

క్షమించమని అడగను. ఎవర్ని అడగాలో ఆ కుర్రాడు ఎక్కడున్నాడో తెలియదు, వెతకనూ లేదు. మా ఆయన పోయాడు, ఆయనకీ చెప్పలేదు. కాగితం రెండింటికే వచ్చింది. ఈ మాట రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఆడకూడదేమో కూడా.