బొటనవేలి గీత

షెడ్డుకు కొత్తగా ఎవరొచ్చినా పెద్దమేస్త్రి ముందు కుర్చీ చూపిస్తాడు, ఆ తర్వాత తన ఘనతలు మొదలుపెడతాడు. పల్లెబడిలో పలకతోనే ఆగిపోయిన చదువు ఆయనది. అయినా పెద్దపెద్దవాళ్ల కార్లన్నీ ఆ చేతికిందే బాగుపడ్డాయి. పొగ రంగు చూసి ఇంజన్లో కాలుతున్నది ఆయిలో, కూలెంటో చెప్పేవాడు. తెల్లారేసరికి ఒక పక్కకి కుంగిపోయే కారుకు కంప్రెసర్ మార్చాలని అందరూ అంటుంటే, చక్రం మీద కారును ఎత్తిపట్టే గాలిసంచి మీద సబ్బునీళ్లు పోసి, బుడగలొచ్చిన చోట చిల్లు పట్టుకున్న మనిషి.

ఇవన్నీ అయ్యాక గొంతు సవరించుకుని లాయరుగారి నల్లకారు దగ్గరికి వస్తాడు.

"వానొస్తే చాలు, తలుపు తీయగానే కీలు దగ్గర్నుంచి నీళ్లు! లాయరుగారి తెల్లప్యాంటు మీద మరకలు! కంపెనీ వాళ్లేమన్నారో తెలుసా? అక్కడ కారాల్సిందేనట. డిజైనే అంతట! ఇంత పోసి కొన్న కారు పాత పెంకుటింటి చూరులా కారడం డిజైనట!" అని పొట్ట పట్టుకుని నవ్వుతాడు. "గంటలో ఆపేశా. మళ్లీ చుక్క పడితే ఒట్టు."

ఆపింది నల్ల సిలికాన్ గమ్ముతో. గమ్ము పెట్టాక బొటనవేలితో నున్నగా దువ్వడం ఆయన అలవాటు. పడుచుతనంలో ఇంజన్ ఫ్యాను రెక్క చేసిన గాటు ఆ వేలికి అడ్డంగా ఉంది. అందుకే ఆయన దువ్విన గమ్ము మీద సన్నటి గీతొకటి పడుతుంది. "కంపెనీ ముద్ర కారు ముందుంటుంది, నా ముద్ర లోపలుంటుంది" అని ఆ వేలు చూపించి మురిసిపోయేవాడు.

ఇప్పుడు షెడ్డు అల్లుడిది. అతని దగ్గర స్కానర్ ఉంది, కారుకు తగిలిస్తే లోపలి జబ్బులన్నీ తెర మీద పడతాయి. వచ్చినవాళ్లు కారు దిగుతూనే "మీ అల్లుడున్నాడా?" అంటారు. "పెద్దాయన ఉన్నాడా?" అని అడిగేది లాయరుగారొక్కరే. ఆ ఒక్క మాట కోసమే ఆయన రోజూ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వస్తాడు. అదీ పోతే ఇక మిగిలేది కుర్చీ.

ఈ వానల్లో ఆ నల్లకారు అద్దాలు వాటంతటవే దిగడం మొదలైంది. లైట్లు వాటిష్టం వచ్చినట్టు వెలుగుతున్నాయి.

"పెద్దాయనా, దీనికి దయ్యం పట్టింది. మీరే వదిలించాలి" అన్నారు లాయరుగారు.

పెద్దమేస్త్రి బ్యాటరీ అన్నాడు, మార్చాడు. కారు తిరిగొచ్చింది. ఎలుకలన్నాడు. వైర్లన్నీ వెతికితే పంటిగాటు ఒక్కటీ లేదు. లోపల ముక్కిపోయిన వాసన కొడుతుంటే అది ఏసీ కంపు అని తీసిపారేశాడు.

"మావయ్యా, ఒక్కసారి స్కానర్ పెట్టనా?" అన్నాడు అల్లుడు.

"నీ పెట్టె పుట్టకముందే నేను కార్లు చూశానయ్యా!"

మూడోసారి కోర్టు ముందు హారన్ మోగడం మొదలుపెట్టి ఆగలేదు. నలుగురూ నవ్వారట. తాళాలు ఇస్తూ లాయరుగారు మొహం చిట్లించుకున్నారు. "మీమీద నమ్మకంతో ఇస్తున్నా. ఇదే ఆఖరు."

ఈసారి అల్లుడు స్కానర్ తగిలిస్తే పెద్దమేస్త్రి వద్దనలేదు. తెర నిండా ఎర్రగీతలే.

"ఇన్ని ఒకేసారి పాడవ్వవు. ఎక్కడో తడిసింది" అన్నాడు అల్లుడు.

సీట్లు, లైనింగు పని కూతురిది. ఆమె సీటు ముందు కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ ఎత్తితే కింద స్పాంజి పిండితే కారేంత తడి. దాని కింద అద్దాలనీ లైట్లనీ హారన్‌నీ నడిపే కంట్రోల్ బాక్సు నాని ఉంది. పైకప్పు అద్దం చుట్టూ ఉన్న కాలవలో చెంబుతో నీళ్లు పోసింది. ఆ నీళ్లు గొట్టంలోంచి దిగి తలుపు కీలు దగ్గర బయటికి రావాలి. రాలేదు. టార్చి వేసింది.

గొట్టం మూతి నల్లగమ్ముతో నున్నగా మూసి ఉంది. మధ్యలో అడ్డంగా సన్నటి గీత.

ఇన్నాళ్లూ మిగతా గొట్టాలు నీళ్లు లాగేశాయి. లాయరుగారు మారిన కొత్త ఇంట్లో కారు వాలుగా నిలబడుతుంది, నీళ్లన్నీ ఈ మూలకే చేరతాయి. దారిలేక లోపలికి దిగాయి.

కూతురు "నాన్నా..." అని ఆగిపోయింది. పెద్దమేస్త్రి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అల్లుడు స్క్రూడ్రైవర్‌తో గమ్ము పెకలించాడు. నిలవున్న నల్లనీళ్లు భళ్లున వచ్చి పెద్దమేస్త్రి చెప్పులు తడిపాయి.

బాక్సు మార్చాక లాయరుగారొచ్చారు.

"ఆకులు అడ్డంపడ్డాయండీ. మావయ్యే కనిపెట్టారు" అన్నాడు అల్లుడు.

ఆ మాట పెద్దమేస్త్రికి చెంపదెబ్బలా తగిలింది. అల్లుడు జాలిపడే రోజొచ్చిందన్నమాట!

"నాకు తెలుసయ్యా, పెద్దాయన చెయ్యి పడితే చాలు!" లాయరుగారు పొంగిపోతూ తలుపు తీశారు. కడిగిన కారు కదా, కీలు దగ్గర్నుంచి టపటపా నాలుగు చుక్కలు ఆయన బూటు మీద పడ్డాయి. "అరె, మళ్లీ మొదలైందే! పెద్దాయనా, అప్పట్లాగే మూసిపారేయండి."

కూతురు, అల్లుడు ఇద్దరూ ఆయన వైపే చూస్తున్నారు. గమ్ము ట్యూబు బల్ల మీద చేతికందేంత దూరంలోనే ఉంది. నొక్కితే చాలు, పేరు నిలబడుతుంది. కారు మళ్లీ మునుగుతుంది.

"మూయకూడదండీ" అన్నాడు పెద్దమేస్త్రి. ట్యూబు పక్కకి నెట్టాడు. "అక్కడ కారాల్సిందే. డిజైనే... అంత."

లాయరుగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "మీరూ కంపెనీవాళ్ల పాటే పాడుతున్నారే! పెద్దవారైపోయారు లెండి." తాళాలు అల్లుడి వైపు తిప్పారు. "నువ్వు చూడవయ్యా."

మళ్లీ వాన వెలిసిన ఒక పొద్దున నల్లకారు గేటు దగ్గర ఆగింది. పెద్దమేస్త్రి కుర్చీలోంచి లేచాడు.

"మీ అల్లుడున్నాడా?" అన్నారు లాయరుగారు.

"ఉన్నాడండీ, లోపల" అని పెద్దమేస్త్రి కుర్చీని దారికి అడ్డం లేకుండా పక్కకి జరుపుకున్నాడు.