విమానంలో వేసిన తుండు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వే. నేను చిత్తూరు కోర్టులో టైపిస్టుని. కళ్లారా చూశామని ఒట్టేసి చెప్పినవాళ్లు, ఎదుటి వకీలు రెండు ప్రశ్నలు అడిగేసరికి నీళ్లు నమలడం రోజూ చూస్తుంటాను. అందుకే ఇది కూడా చూసింది చూసినట్టే చెబుతాను.

ముందు మా నాయన గురించి చెప్పాలి. మామిడి మండీలో కాటా వేసే పని ఆయనది. మా ఊళ్లో ఎటు పోవాలన్నా బస్సే. బస్సు ఇంకా స్టాండులోకి మలుపు తిరుగుతుండగానే నాయన పక్కనే పరుగెత్తి, భుజం మీది తుండు తీసి కిటికీలోంచి సీటు మీదికి విసిరేవాడు. తుండు పడిందంటే ఆ సీటు మాది. కిటికీ పక్కన కూర్చోకపోతే అమ్మకు బస్సు కదలకముందే కడుపులో తిప్పుతుంది. కాబట్టి ఆయన గురి ఎప్పుడూ కిటికీ సీటే. ఈ వయసులో ఆ పరుగేమిటని నేను సిగ్గుతో చచ్చేదాన్ని.

ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఆ తుండే ఆయన మీద కప్పి చితికి పంపించాం. కప్పింది నేనే.

పోయిన వేసవిలో హుబ్లీలో ఉన్న మా చెల్లెలికి కాన్పు దగ్గర పడింది. తొలి కాన్పు పుట్టింట్లోనే అనుకున్నాం గానీ, ప్రయాణం చేయకూడదని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. ఉన్నట్టుండి ఒకరోజు, రేపు పొద్దున్నే ఆపరేషన్ అని ఫోన్ వచ్చింది. అమ్మ వస్తేగానీ లోపలికి పోనని చెల్లెలు ఒకటే ఏడుపు. బెంగళూరులో బస్సు మారి అంత దూరం పోతే అమ్మ సగం ప్రాణంతో దిగుతుంది. అప్పుడు గుర్తొచ్చింది, తిరుపతి నుంచి హుబ్లీకి ఏదో చిన్న కంపెనీ విమానం నడుపుతోందని ఆఫీసులో ఎవరో అనుకోవడం.

గబగబా ఫోన్‌లో వెతికాను. ఆ మధ్యాహ్నమే విమానం ఉంది! మిగిలినవి రెండే సీట్లు. ఒకటి మధ్యలో, ఒకటి అట్టచివర. రెండూ నడవ వైపే, కిటికీ పక్కన కాదు. ఎక్కాక ఎవరినైనా బతిమాలుకోవచ్చులే అని బుక్ చేసేశాను. టికెట్లు వచ్చాయని మెసేజ్ చూడగానే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. మా వంశంలో విమానం ఎక్కడం మాతోనే మొదలు మరి.

రేణిగుంట ఎయిర్‌పోర్టులో విమానం దగ్గరికి నడిపించుకుంటూ తీసుకెళ్లారు. రెక్కలకున్న ఫ్యాన్లు చూసి అమ్మ ఆగిపోయింది.

"ఏం మే, ఇంట్లో ఫ్యాను మాదిరే ఉండాది. దీంతో ఎగరతాదా?"

"ఎగరతాది, రామ్మా" అని నవ్వుతూ మెట్లెక్కించాను. ఆ విమానానికి తలుపు వెనకవైపు ఉంది. అమ్మ సీటు తలుపు పక్కనే. కిటికీ తనకు కాదని తెలియగానే అమ్మ ముఖం పాలిపోయింది. చెమటలు పట్టాయి.

"నా వల్ల గాదు. నేను దిగిపోతా. నువ్వు పో, చెల్లి దగ్గిరికి."

వెనక జనం ఆగిపోయారు. సీట్లన్నీ బుక్కయిపోయాయి, ఎవరినైనా అడుగుదాం ఉండండి అని ఎయిర్ హోస్టెస్ సర్దిచెబుతోంది. అమ్మ దిగిపోతే చెల్లెలికి ఏం చెప్పాలి? నాకు ఏడుపొచ్చినంత పనయింది. నా పక్కనవాళ్లనే అడుగుదామని, అమ్మను అక్కడే నిలబెట్టి నా సీటు దగ్గరికి పరుగెత్తాను.

నా పక్కన కిటికీ సీటులో మనిషి లేడు. సీటు మీద ఒక తుండు పడి ఉంది.

ఎవరిదో అనుకున్నాను. అంతలో ఒక పెద్దాయన వచ్చాడు. కొండ మీద చేయించుకున్న కొత్త గుండు, చేతిలో లడ్ల సంచి. ఆ కిటికీ సీటు ఆయనదే. తుండు చూసి టక్కున ఆగాడు.

"ఎవురో తుండు ఏసిపెట్టినారే" అన్నాడు. మాటను బట్టి మా వైపు మనిషే. "మీవోళ్లా? ఉండనీలేమ్మా, నేను యాడైనా కూసుంటా."

అనడమే కాదు, వెనక్కి వెళ్లి అమ్మ సీట్లో కూర్చున్నాడు. టికెట్ ఆయనది, హక్కు ఆయనది. కానీ తుండు పడిన సీటు జోలికి పోకూడదని మావైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ టవల్ మీదేనా అని ఎయిర్ హోస్టెస్ కూడా నన్ను అడిగింది. కాబట్టి చూసింది నేనొక్కదాన్నే కాదు.

అమ్మ వచ్చి తుండు చేతిలోకి తీసుకుంది. ఎర్ర అంచు. మామిడి సొన మరకలు. ఒక మూల చిరుగును పచ్చదారంతో కుట్టి ఉంది. ఆ వంకర కుట్టు అమ్మదే.

నేను ఆ కుట్టును రెండుసార్లు తడిమి చూశాను. అమ్మకు మాత్రం చెమట ఆరిపోయింది. తుండు ఒళ్లో పెట్టుకుని, రోజూ ఎక్కే బస్సులాగా కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంది.

విమానం పరుగందుకుంది. నేల వదిలిన క్షణంలో ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వాం. భయం సంగతే మరిచిపోయాను. కింద కొండలు, మామిడి తోటలు, దారం పోగులంత రోడ్లు! అమ్మ చాలాసేపు చూసి, కిటికీ అద్దాన్ని వేలితో తట్టింది.

"ఇది తెరిసేదానికి లేదు గదా మే. మీ నాయన యాడ నుంచి ఏసినాడో?"



మర్నాడు చెల్లెలు ఆపరేషన్ గది తలుపు దాకా అమ్మ చెయ్యి పట్టుకునే వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను మొదట పడుకోబెట్టింది ఆ తుండు మీదే.

తుండు ఇప్పుడు మా ఇంట్లో దండెం మీద ఉంది. ఎన్నిసార్లు ఉతికినా సొన మరక పోలేదు. అలాంటి తుండ్లు ఊరినిండా ఉంటాయి, ముందు దిగినవాళ్లెవరో మరిచిపోయి ఉంటారని నాతో నేనే వాదించుకున్నాను. పచ్చదారం కుట్టు దగ్గరికి వచ్చేసరికి నేనూ నీళ్లు నములుతున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు నేను తెలివిగా పక్కపక్క సీట్లు, అమ్మకు కిటికీ వైపు, ముందే ఎంచుకుని బుక్ చేశాను. ఎక్కగానే ఇద్దరి చూపూ ఆ సీటు మీదికే పోయింది. ఏమీ లేదు. ఎందుకో నాకు చాలా దిగులేసింది.

"నువ్వే ముందుగా సీటు పట్టేసినావు గదా" అంది అమ్మ. "ఇంక ఆయనకేం పని?"

వచ్చే నెల పాపకు చెవులు కుట్టిస్తున్నారు. నిన్న రాత్రి హుబ్లీకి మళ్లీ టికెట్లు తీశాను. దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ ఒప్పుకోను. చితిలో కాలిన తుండు ఆ సీటు మీదికి ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలియదు.

అమ్మకు ఏ సీటు కావాలని ఫోన్ అడిగింది. కిటికీ సీట్లు బోలెడు ఖాళీగా కనిపిస్తున్నాయి. ఒక్కటీ నొక్కలేదు. అలాగే వదిలేశాను.