కుదపని సీసా

ల్యాబ్‌లో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ అక్క. చేతులు ఊరికే ఉండవు. మాట్లాడుతూనే సీసాల మీది లేబుళ్లు గోటితో పీకేస్తుంది. చేసే పనీ అలాంటిదే. పొరలు పొరలుగా ఉండే లోహపు ఆక్సైడ్ పొడిని రసాయనంలో నానబెడితే, ఆ రసాయనం పొరల మధ్య దూరి, కంటికి ఆననంత పల్చటి నానోరేకుల్ని మెల్లగా విడదీస్తుంది. గట్టిగా కుదిపితే రేకులు నుసైపోతాయని తెలుసు. అయినా ఉండబట్టలేక ప్రతిసారీ కుదిపి చూసేది, నుసే మిగిలేది. ఆఖరి చెంచా పొడి నానబెట్టిన రోజే చెల్లెలికి నొప్పులు మొదలైతే ఆసుపత్రికి పరుగెత్తింది. వారం తర్వాత వచ్చి చూస్తే, మైక్రోస్కోపు కింద రేకులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. “ఏం చేశావమ్మా ఈసారి?” అన్నారు రీసెర్చ్ గైడు. “ఏమీ చెయ్యలేదు సార్,” అంటూ చేతులు రెండూ కోటు జేబుల్లో దాచుకుంది. లోపల వేళ్లు అప్పుడే జేబు కుట్లు విప్పుతున్నాయి.