తమ పేరుకి తామే 'గారు'

నిన్న మధ్యాహ్నం కొరియర్లో మా హైస్కూలు సావనీరు వచ్చింది. పాత విద్యార్థుల సభ అయిపోయిన నెలకి అచ్చయింది. అట్ట మీద బంగారు అక్షరాలు, లోపల చేతిలోంచి జారిపోయేంత నున్నటి కాగితం. తెరవగానే కొత్త సిరా వాసన కొట్టింది, వెంటనే మూసేశాను. పాపం వాసన తప్పేమీ లేదు. లోపల ఏముందో నాకు ముందే తెలుసు, అందులో తెలుగు దిద్దింది నేనే.

మాది బెంగళూరు పేటలో, నేతపనివాళ్ల వీధి పక్కన, ఒకప్పుడు తెలుగు మీడియం కూడా ఉన్న బడి. పోయిన వేసవిలో పాత విద్యార్థుల సంఘం 'మన బడి రత్నాలు' అని పుస్తకం వేస్తామంది. సెక్రెటరీ మా క్లాసు లీడరే. అప్పట్లో మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేవాడు, ఇప్పుడు దేవనహళ్ళి దారిలో అపార్ట్‌మెంట్లు కడుతున్నాడు. ఎవరి గురించి వాళ్లే, వేరేవాళ్లు రాసినట్టుగా రాసి పంపాలన్నాడు. బ్యాంకులో రిటైరై ఖాళీగా ఉన్నానని దిద్దే పని నాకు అంటగట్టాడు. ఇక రాతలు రావడం మొదలైంది. ప్రతివాళ్లూ తమ పేరు చివర తామే 'గారు' తగిలించుకున్నారు. 'చిన్ననాటి నుండే సేవాభావం కలవారు' అని రాసుకున్న పెద్దమనిషి చిన్ననాడు నా డబ్బాలో చిత్రాన్నం దొంగిలించి తిన్నవాడు. ఇంకొకాయన పర్యావరణ ప్రేమికుడట. పంపిన ఫోటోలో ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు ముందు జానెడు మొక్క, దాన్ని పట్టుకోవడానికి తొమ్మిది మంది. పేదపిల్లలకి నోటుబుక్కులు పంచిన డాక్టరు ప్రతి అట్ట మీదా తన బొమ్మే వేయించుకున్నాడు. పిల్లలు కొమ్ములు గీసే ఉంటారని నా ఆశ. నేను 'గారు'లన్నీ కొట్టేస్తే ఫోన్ల మీద ఫోన్లు, మేమేమన్నా తక్కువవాళ్లమా అని. మళ్లీ అన్నీ పెట్టాను. పెడుతున్నంతసేపూ ఎంగిలాకులు ఎత్తుతున్నంత రోతగా ఉండింది.

మా వదిన మాత్రం ఏమీ పంపలేదు. మేనత్త కూతురు, నాతోపాటే చదివింది. ఇరవై ఆరేళ్లుగా ఆమె రోజూ సాయంత్రం, ఇంట్లో మగ్గాల పని ముగించుకుని, చీరకి అంటిన పట్టుపోగులు దులుపుకుంటూ బడి వెనక గదికి వచ్చి, పదో తరగతి ఎస్సెస్సెల్సీ పరీక్ష తప్పిన పిల్లలకి లెక్కలు చెబుతోంది. మొదటి రోజు పుస్తకం తెరవనివ్వదు. పరీక్షలో తాము చేసిన తప్పు లెక్కని బోర్డు మీద తామే వేసి చూపించమంటుంది. ఎవరూ నవ్వకూడదు, ఆమె తిట్టదు. ఆ పిల్లల్లో కొందరు ఇవాళ యలహంకలో టీచర్లు, ఒకతను రైలింజను నడుపుతున్నాడు. వాళ్లనెవరూ రత్నాలని పిలవలేదు.

ఆ గదినే రత్నాల ఫోటోలు పెట్టే హాలు చేస్తామని సంఘం తీర్మానించింది. వదిన పేరు పుస్తకంలోకి ఎక్కితే ఆమెని అక్కణ్ణుంచి లేపడానికి వీళ్లకి మొహం చెల్లదని నాకు తోచింది. రాసివ్వమంటే ఆమె తల అడ్డంగా ఊపింది.

"నన్ను గురించి ఏముండాదే రాసేదానికి? ఆ గది ఉంటే చాలు."

నేనే రాసి పంపాను. సాయంత్రానికల్లా సెక్రెటరీ ఫోను.

"ఆ సేవ నీ పేరు కింద వేసేసినాము కదమ్మా. ఒకే బడిలో ఒకే పని ఇద్దరిదంటే చదివేవాళ్లు ఏమనుకుంటారు? సుమ్నే, ఊరికే గొడవ ఎందుకు?"

నాది తీసి చూసుకున్నాను. అందరికంటే ముందు, ఒళ్లు తెలియని ఉత్సాహంలో రాసి పంపింది. 'వెనకబడిన విద్యార్థులకు ఉచితంగా గణితం బోధించారు.' పేరు చివర 'గారు' కూడా ఉంది. నిజమేమిటంటే, ఒకసారి వదినకి ఆపరేషన్ అయినప్పుడు ఆమె బదులు వెళ్లాను. ఎన్నాళ్లో నాకే గుర్తులేదు. నాది తీసేసి ఆమెది వెయ్యమన్నాను. పేజీలు ప్రెస్సుకి పోయాయి, ఫోటోకి ఫ్రేము కూడా కట్టించామన్నాడు. ఆ ఆదివారం సంఘం మీటింగుంది. అక్కడికి వెళ్లి, నేను రాసింది అబద్ధం, ఆ గది ఆమెదని నలుగురిలో ఒక్క మాట అంటే సరిపోయేది. మోకాళ్ల నొప్పని ఇంట్లో కూర్చున్నాను. డాక్టరు బొమ్మకి కొమ్ములు కోరుకున్న మనిషిని, నన్ను చూస్తే నాకే అసహ్యం వేస్తోంది.

సభ నాడు హాలు ప్రారంభానికి వదిన కూడా వచ్చింది. అప్పటికే పిల్లలు ఆమె ఇంట్లో మగ్గాల సందున కూర్చుంటున్నారు, ఆ చప్పుడులో ఆమె గొంతు చించుకుని చెబుతోంది. బోర్డు ఊడదీసిన గోడకి నా ఫోటో తగిలించారు. ఆమె కళ్లజోడు సర్దుకుని, కింద రాసింది చివరిదాకా చదివింది. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"పదకొండు దినాలు చెప్పినావు," అంది నా చెయ్యి పట్టుకుని. "బాగానే చెప్పినావులే. ఆ ఏడు అందరూ పాసయినారు."

వెటకారం లేదు. ఉంటే బాగుండేది. కాలం గడిస్తే ఎవరు ఎన్నాళ్లు చేశారో ఎవరికీ గుర్తుండదన్న ధైర్యంతోనే నేనా వాక్యం రాశాను. ఇరవై ఆరేళ్లలో నావైన రోజులు ఆమె లెక్కలోంచి ఒక్కటి కూడా తప్పిపోలేదు.