శంకరన్న చెయ్యి పడితేనే

ఇన్ని ఊళ్లు తిరిగాను గానీ, ఒక మనిషి చెయ్యి పడేదాకా కదలని ఆటోలను గోదావరిఖని అడ్డాలోనే చూశాను.

కమాన్‌పూర్ ఆటో నిండినా డ్రైవర్ కుర్రాడు కదిలించలేదు. ఖాకీ చొక్కా వేసుకున్న నలభై ఏళ్ల మనిషి వెనక ఆటోలోకి ఒక అవ్వ మూట ఎక్కిస్తున్నాడు. అతనికి మానసిక ఎదుగుదల తక్కువని చూడగానే తెలుస్తోంది.

"శంకరన్న టాపు మీద కొడితెనే బండి కదుల్తది. మా అడ్డాల గదే రూలు," అన్నాడు డ్రైవర్ అతన్ని చూపిస్తూ.

నా పక్కనున్న పెద్దాయనకు ఒళ్లు మండింది. "నాకు డ్యూటీ టైమైతుంది. ఆ పిచ్చోని కోసం ఆగుడేంది?"

డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. "పిచ్చోడు గాదు కాకా. మా యూనియన్ మెంబరు. ఆయననే అడుగు, పోదమంటే పోదం."

అది విని మిగతా డ్రైవర్లూ ఒక్కొక్కరే ఇంజిన్లు ఆపేశారు. అడ్డా అంతా నిశ్శబ్దమైపోయింది.

శంకరన్న తీరిగ్గా వచ్చాడు. బయటికి వేలాడుతున్న నా చున్నీని లోపలికి నెట్టాడు. టాపు మాత్రం ముట్టుకోకుండా పెద్దాయన వైపే చూస్తూ నిలబడ్డాడు.

చివరికి పెద్దాయనే తల బయటికి పెట్టాడు.

"శంకరన్నా... పోదమా?"

టాపు ధన్‌మని మోగింది. "రైట్!" అన్న ఆ ఒక్క కేకకు అడ్డాలోని ఇంజిన్లన్నీ ఒక్కసారే అందుకున్నాయి.