వంతెన మీద అత్త

ధబ్. తర్వాత జర్రుమని ఏదో ఈడ్చిన చప్పుడు. మళ్ళీ ధబ్. మళ్ళీ జర్రు.

మధ్యాహ్నం పూట నా గది పైకప్పు మీద ఎవరో ఓ కొండను నడిపిస్తున్నారు. ఫ్యాను రెక్కల మీది దుమ్ము ఒక్కో ధబ్బుకీ ఒక్కో పొరగా రాలి, ఎండలో మెరుస్తూ నా కాగితాల మీద వాలుతోంది. కోపం తెచ్చుకుందామంటే ఆ చప్పుడులోని లయ అడ్డొస్తోంది. కాసేపు విన్నాక అర్థమైంది, అది సామాన్లు జరపడం కాదు. ఎవరో కుంటుతున్నారు. అదీ నొప్పితో కాదు, శ్రద్ధగా.

మెట్లెక్కి తలుపు కొట్టాను. తీసిన అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. జుట్టులో పెన్సిలు గుచ్చి ఉంది. కుడికాలికి పాత పుస్తకాల మూటొకటి తువ్వాలుతో కట్టి ఉంది. ముఖంలో పశ్చాత్తాపం మాత్రం ఎక్కడా లేదు.

"మీరు కింద ఇంటి అక్క కదూ? సమయానికొచ్చారు. ఈ చాప వంతెన. నేను కాపలాదారుని. నాకు దొరక్కుండా అటు దాటండి, చూద్దాం."

"అమ్మా, ఆ చప్పుడు..."

"బాగా వస్తోందా? బరువుగా ఉందా?" అంది ఆశగా.

లోపలి గదిలోంచి ఇంకో గొంతు లేచింది. బస్సు నిండా జనం ఉన్నా చివరి సీటు దాకా వినబడే గొంతు. "ఎవరే వచ్చింది? ఇలా గెంతులేస్తుంటే ఎవరో ఒకరు వస్తారని చెప్పానా లేదా? అమ్మాయ్, తిట్టు. మొహమాటపడకు. నా వంతు కూడా కలిపి తిట్టు."

నేను తిట్టలేదు. వంతెన దాటబోయాను. నడిమధ్యలో దొరికిపోయాను.

ఆ అమ్మాయిని భవనంలో అందరూ గీతలు అని పిలుస్తారు. ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే ఆటలు తయారుచేసే ఓ చిన్న ఆఫీసులో ఆమె బొమ్మలు వేస్తుంది. ఆటలో పరిగెత్తేవాడు, వాడి కింద నేల, నేల మీద గడ్డి, గడ్డి వెనక సాయంత్రం, అన్నీ ఆమె చేతివే. ఏ బొమ్మ నడకైనా ముందు తను నడిచి చూశాకే గీస్తుంది. వాడు ఎప్పుడు గెంతాలో, గోడకి తగిలితే ఏమవ్వాలో రాసేవాడు ప్రోగ్రామర్. లోకం దృష్టిలో ఆ ప్రోగ్రామర్‌ది ఉద్యోగం, ఈమెది సరదా. లోకానికి పై అంతస్తులో ప్రతినిధి ఆమె మేనత్త.

మేనత్త సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. ఆమె ఉద్యోగం మానేసింది గానీ గొంతు మానలేదు. ఇప్పటికీ లిఫ్టు ఎక్కితే "లోపలికి జరగండి, లోపల బోలెడు ఖాళీ" అంటుంది, లోపల తనొక్కతే ఉన్నా సరే. మేనకోడలి మీద ఆమె ఫిర్యాదు సూటిగా ఉండేది.

"కంప్యూటరు ఉద్యోగమంటే టకటకమని వినబడాలి కదమ్మా? ఎదురింటావిడ కూతురు కూర్చుంటే వాన పడ్డట్టు వినబడుతుంది. మాది కూర్చుంటే గోకుడు వినబడుతుంది. కోడి చెత్తకుప్ప గోకినట్టు."

"అది కంప్యూటరు పలక మీద పెన్నత్తా. బొమ్మ అలాగే వెయ్యాలి."

"పలకెందుకే? పలక మీద ఒకటో తరగతిలోనే గీశావు. కోడు రాసేవాడికి ఈ ఆఫీసు కాకపోతే ఇంకో ఆఫీసు. బొమ్మలేసేదానికి ఈ గోడ కాకపోతే ఇంకో గోడ. అంతేగా?"

అత్త పోరు పడలేక గీతలు ఒకప్పుడు ప్రోగ్రామింగు క్లాసులకి కూడా వెళ్ళిందట. "ఏం నేర్చుకున్నావు?" అనడిగితే, "మాస్టారి ముక్కు," అని గీసి చూపించింది. ముక్కు అద్భుతంగా ఉంది. దాంతో క్లాసులు అయిపోయాయి.

ఆమె ఆఫీసుకి నేనొకసారి వెళ్ళాను. టైర్ల దుకాణం మీద రెండు గదులు. కొత్త రబ్బరు వాసన మెట్ల మీదుగా ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ప్రోగ్రామర్‌ని వాళ్ళు తర్కం అని పిలుస్తారు. టీ కావాలా అంటే "కావాలా వద్దా అన్నది చక్కెర మీద ఆధారపడి ఉంటుంది" అనే రకం. యజమానికి గీతలు పెట్టిన పేరు కొమ్ములాయన. ఆట మధ్యలో ఓ వంతెన వస్తుంది. దాన్ని కాపలా కాసే రాక్షసుడికి ఆమె ఏ రూపం ఇచ్చినా ఆయన ఒకే మాట అనేవాడు.

"భయం చాలట్లేదు. ఇంకో రెండు కొమ్ములు పెట్టు."

ఆమె పెట్టేది. ఆయన మళ్ళీ అనేవాడు. చివరికి ఆ రాక్షసుడు చొక్కాలు తగిలించుకునే కొయ్యలా తయారయ్యాడు.

అంతలో కొత్త ఆటల ప్రదర్శన దగ్గర పడింది. కొమ్ములాయన గీతలుని పిలిచి, తలుపు వేసి, మెల్లగా చెప్పాడు. "ఆఫీసులో ఇకమీద అన్ని కుర్చీలు పెట్టుకోలేమమ్మా. బొమ్మలు బయట కూడా దొరుకుతాయి. కోడు నేర్చుకుని తర్కం పక్కన కూర్చుంటావా, ఉండు. లేదంటావా, ప్రదర్శన అయ్యాక చూద్దాం."

'చూద్దాం' అంటే ఏమిటో ఉద్యోగాలు చేసినవాళ్ళందరికీ తెలుసు. విని అత్త, "చెప్పానా!" అంది. ఆ పూట గోకుడు వినబడలేదు. చేతికి తెలిసిన ఒక్క పనీ చెయ్యొద్దంటే ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గీతలు గోడ వైపు చూస్తూ కూర్చుంది.

ఆటలు చేసేవాళ్ళకి ఓ అలవాటుంది. అసలు బొమ్మ సిద్ధమయ్యేదాకా ఓ ఉత్తుత్తి బొమ్మ నిలబెట్టి పని నడిపిస్తారు. అసలుది రాగానే తీసేస్తారు. తియ్యాల్సింది ఎవరన్నది మాత్రం ఏ ఆఫీసులోనూ ఎవరూ తేల్చుకోలేదు. కొమ్ముల లెక్క తెగకపోవడంతో, తర్కం వంతెన మీద ఓ బూడిదరంగు డబ్బాని నిలబెట్టాడు. కొన్నాళ్ళకి, "దీన్ని చూసి చూసి నేనే డబ్బానైపోతున్నాను, ఏదో ఒకటి పడెయ్యి," అని బతిమాలాడు.

గీతలు ఏదో ఒకటి పడేసింది. భుజాన తోలుసంచి, చేతిలో టికెట్ల మిషను, ఒక మోకాలి మీద ఎక్కువ బరువు, నుదుటి సగం దాకా లేచిన ఓ కనుబొమ్మ. అత్త.

ప్రదర్శన ముందురోజు కొమ్ముల రాక్షసుడు పూర్తయ్యాడు. గీతలు వాణ్ణి తర్కానికి ఇచ్చింది. తర్కం వాణ్ణి ఆటలో ఓ మూల పెట్టాడు. ఇద్దరూ ఆవులిస్తూ ఇంటికెళ్ళారు.

మర్నాడు హాల్లో మొదటి ఆటగాడు వంతెన ఎక్కేసరికి ఎదురుగా అత్త.

"నువ్వు మార్చావనుకున్నా," అంది గీతలు, పెదవులు కదలకుండా.

"నువ్వు మార్చావనుకున్నా," అన్నాడు తర్కం, అలాగే.

కొమ్ములాయన అటు తిరిగి ఎవరికో భయం గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు.

ఇదంతా తెలియని అత్త అదే మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. "ఎలాగూ ఉద్యోగం మారబోతోంది. ఆ గోకుడేమిటో ఆఖరిసారి చూసొద్దాం." హాలంతా రంగుల వెలుతురు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో చిన్న ఆకాశం వెలిగి ఆరుతోంది. మిగతా బల్లల మీద కత్తులు, మంటలు, నెత్తురు. జనం మాత్రం ఓ మూల బల్ల దగ్గర మూగి ఉన్నారు. తోసుకుంటున్నారు. అత్తకి అది చాలు.

"వరసలో రండి, వరసలో! ఏమయ్యా, నీకు చెప్పేది. వెనకాయన, సంచి ముందుకు పట్టుకోండి. తొయ్యొద్దమ్మా, అందరం దిగేది అక్కడే."

ఆ గొంతుకి వరస దానంతటదే ఏర్పడింది. తర్వాత వరసలో ముందున్నవాడు తెరకేసి చూశాడు. అత్తకేసి చూశాడు. మళ్ళీ తెరకేసి చూశాడు. ఆ చూపు వరస చివరిదాకా గాలిలా పాకింది. గీతలు బల్ల కింద ఏదో పడినట్టు వంగింది. ఏమీ పడలేదు.

అత్త కళ్ళద్దాలు పెట్టుకుంది. తనని తాను పైనుంచి కింద దాకా చూసుకుంది. ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే తెర మీద కథానాయకుడు ఆమె వెనకనుంచి పిల్లిలా జారుకున్నాడు.

"ఆగు!" హాలు ఉలిక్కిపడింది. "వాడెలా దాటాడు? నేనక్కడ నిలబడి ఉండగా?"

"అది... మీ చూపు కోణానికి బయట ఉన్నప్పుడండీ..." తర్కం నీళ్ళు నమిలాడు.

"నా చూపుకి కోణమేమిటి బాబూ? నా వెనక ఎవడు టికెట్ తీసుకోలేదో నా వీపుకి తెలుసు."

వరసంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకి కొమ్ములాయన ఇటు తిరిగాడు, తెర చూశాడు, వరస పొడవు చూశాడు. కొమ్ముల సంగతి మర్చిపోవడానికి ఆయనకి ఓ క్షణం పట్టింది. అత్త దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"అమ్మా, మీ రూపం ఆటలో ఉండడానికి మీరు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మీ మేనకోడలి కుర్చీకి ఢోకా లేదు."

అలా గీతలు ఉద్యోగం, ఆ ఉద్యోగం వద్దన్న మనిషి చేతిలోనే పడింది.

"ఒప్పుకోను," అంది అత్త, ఎంతో తియ్యగా. "టికెట్ లేకుండా నన్ను దాటి ఒక్కడు కూడా పోకూడదు. అలా చెయ్యగలిగితే చెయ్యండి. లేదంటే నన్ను తీసేసి ఆ కొమ్ములవాణ్ణే పెట్టుకోండి."

"ఎవరూ దాటకపోతే అది ఆటెలా అవుతుందత్తా?"

"ఎవరంటే వాళ్ళు దాటితే అది నేనెలా అవుతానే?"

తర్వాత కొద్దిరోజులు పై అంతస్తులో యుద్ధం నడిచింది. ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇద్దరూ నా ద్వారా మాట్లాడుకునేవారు.

"అమ్మాయ్, నీ స్నేహితురాలికి చెప్పు, టీ చల్లారిపోతోందని."

"అక్కా, ఆవిడకి చెప్పండి, చల్లారినా తాగుతానని."

ఓ సాయంత్రం తర్కం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని సంధికి వచ్చాడు. అత్తకి ఓపిగ్గా వివరించాడు. "చూడండమ్మా. కాపలాదారు చూస్తే పట్టుకోవాలి. చూడకపోతే వదిలెయ్యాలి. ఈ రెండే. మూడోది లేదు."

అత్త ఉతికిన బట్టలు మడతపెడుతోంది. గీతలు చాలాసేపు ఆ చేతుల్నే చూసి, యుద్ధనియమం తప్పి, నేరుగా అడిగింది.

"నిజం చెప్పత్తా. నీ సర్వీసులో ఒక్కరిని కూడా వదల్లేదా?"

"వదల్లేదు."

మడతపడుతున్న దుప్పటి సగంలో ఆగింది.

"ఓ పిల్ల ఉండేది," అంది అత్త, దుప్పటితో చెబుతున్నట్టు. "పరీక్ష రోజు. వాన. సంచి తడిసి ముద్దయ్యింది. లోపల చెయ్యి పెట్టి వెతుకుతూనే ఉంది. అందులో ఏమీ లేదని నాకు తెలుసు. నాకు తెలుసని దానికీ తెలుసు. నేను కిటికీ వైపు తిరిగాను. బయటేముంది? వానే. ఎన్నడూ వాన ఎరగనిదానిలా చూస్తూ నిలబడ్డాను. దిగిపోయింది."

"మరి వదిలావుగా!"

"వదలడమేమిటే? నేను చూస్తేగా."

"తెలుసని ఇప్పుడేగా అన్నావు?"

"చూసీ చూడనట్టున్నా. అది వేరు."

తర్కం రెండు వేళ్ళు లెక్కపెట్టి, మూడోదాని దగ్గర ఆగాడు. గీతలు అప్పటికే లేచి పలక ముందు కూర్చుంది. గోకుడు మొదలైంది. నేను కిందికి వచ్చాక కూడా వినబడుతూనే ఉంది, ఎండుటాకుల మీద చిన్న జంతువేదో నడుస్తున్నట్టు.

రెండ్రోజులకి నన్ను పైకి పిలిచారు. తెర మీద కథానాయకుడు వంతెన నడుమ ఆగి, సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. పరిగెత్తేవాళ్ళని మెడ పట్టి వెనక్కి గెంటే అత్త, అలా ఆగినవాణ్ణి ఓ క్షణం చూసింది. ముందు కళ్ళు తిరిగాయి. తర్వాత గడ్డం. ఆఖరికి, ఇష్టం లేనట్టు, భుజం. ఏటి మీది వెలుతురు ఆమె చెంప మీదికి ఎక్కింది. పెదవి చివర ఏదో కదిలింది. వాడు దాటిపోయాడు.

"కోడు నాలుగు వరసలే రాశాను," అన్నాడు తర్కం, తనలో తనే. "మిగతాదంతా ఆ మెడ తిప్పడంలోనే ఉంది. అది నాకు రాదు." ఆ మాటే ఆఫీసులో కొమ్ములాయనకీ చెప్పాడట.

అత్త చూసింది. "ఇంకోసారి వెయ్యి," అంది. మళ్ళీ చూసింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, దుమ్మెక్కువైందని ఇంటిని తిట్టి, "సరే, ఉండనీ," అంది.

గీతలు కుర్చీ గీతలుకి మిగిలింది. కొమ్ములాయన ఆమె పక్కన ఇంకో బొమ్మలావిడకి కూడా చోటు చూస్తున్నాడని విన్నాను.

ఆ ఏడాది చివర్లో నేను ఇల్లు మారాను. గీతలు నా పుస్తకాల పెట్టె ఒకటి మోస్తూ వీధి దాకా వచ్చింది. ఆట ఎలా ఉందని అడిగాను. పెట్టెని బండిలోకి తోసి, చేతులు దులుపుకుని, పై అంతస్తు కిటికీ వైపు ఓసారి చూసుకుని గొంతు తగ్గించింది.

"ఆట బాగానే ఉందక్కా. అత్తే కొత్త పేచీ పెట్టింది. మొహం తిప్పుకునేటప్పుడు నవ్వు ఎక్కువైందట. 'నేనంత నవ్వలేదే, తగ్గించు' అని పొద్దస్తమానం ఒకటే గోల. తగ్గించేశానని చెప్పాను. తగ్గించలేదు."